కాలిన మచ్చను వదిలేసి రేడియో స్తంభాన్ని తిడతామా?



నెల రోజులుగా మన సంఘం వాట్సాప్ గుంపులో ఒకే సందేశం తిరుగుతోంది. "ఎఫ్.ఎం. రేడియో అలల వల్ల చర్మానికి కేన్సర్ వస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. ఇంట్లో రేడియో ఆపేయండి. పది మందికి పంపండి." కోవిల్‌పట్టి మామ పంపాడు, చెన్నై అల్లుడు పంపాడు, కోయంబత్తూరు అక్క పంపింది. ఏళాయిరంపన్నైలో ఉన్న మాకు నాలుగు చేతుల మీదుగా నాలుగుసార్లు వచ్చింది. ఇప్పుడు కొందరు పెద్దలు వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం పెడదామంటున్నారు. కలెక్టరు గారికి అర్జీ ఇవ్వడానికి, వకీలు ఫీజుకు సంఘం నిధి తీద్దామంటున్నారు.

ఊళ్ళో ఉండే మేం కొందరం కూర్చుని మాట్లాడుకుని ఈ జవాబు రాస్తున్నాం. పొడుగ్గా ఉంటుంది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ తీర్మానం వద్దు. మన జనానికి చర్మం కేన్సర్ భయం ఉండవలసిన చోటు ఒకటి ఉంది. అది ఆకాశంలో లేదు, మన ఒంటి మీదే ఉంది. చొక్కా చేతుల కింద, చీర కొంగు చాటున దాచుకున్న కాలిన మచ్చల్లో ఉంది. దాని గురించి మన గుంపులో ఇంతవరకు ఒక్క సందేశం రాలేదు.

ముందు స్వీడన్ సంగతి చూద్దాం. అది వట్టి పుకారు కాదు, నిజంగానే ఒక పరిశోధన వ్యాసం ఉంది. 2002లో ఓర్యాన్ హాల్‌బెర్గ్ అనే ఇంజనీరు, కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే ఓలే యోహాన్సన్ కలిసి రాశారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్‌ను మెలనోమా అంటారు. స్వీడన్‌లో 1955లో ఎఫ్.ఎం. ప్రసారాలు మొదలయ్యాయనీ, అప్పటి నుంచే మెలనోమా కేసులు పెరుగుతూ వచ్చాయనీ, ఎక్కువ స్తంభాల అలలు అందే ప్రాంతాల్లో కేసులూ ఎక్కువగా కనిపించాయనీ వాళ్ళు రాశారు. ఎండకు దెబ్బతిన్న కణాలను శరీరం బాగుచేసుకోకుండా ఈ అలలు అడ్డుపడుతున్నాయేమో అన్నది వాళ్ళ ఊహ. 2010లో ఇద్దరూ ఇంకో అడుగు వేశారు. శరీరం ఎడమవైపు కేన్సర్లు ఎక్కువ రావడానికి పరుపుల్లోని ఇనుప స్ప్రింగులకూ రేడియో అలలకూ ముడిపెట్టారు. నులక మంచం మీద, కోరచాప మీద పడుకుని పెరిగిన మన తాతలు ఇది వింటే ఏమనేవారో!

ఎగతాళి కోసం అనడం లేదు. ప్రశ్న అడగడం శాస్త్రజ్ఞుల హక్కు. కానీ ప్రశ్న అడగడం వేరు, రుజువు చేయడం వేరు. "కేసులు పెరిగిన కాలంలో రేడియో కూడా వచ్చింది" అన్నదానికి మన భాషలో మంచి మాట ఉంది: కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. మన చుట్టూ తాటిచెట్లు ఉన్నాయి, కాకులూ ఉన్నాయి. కాకి బరువుకు పండు రాలిందని మనలో ఎవరైనా అంటారా?

అదే కాలంలో స్వీడన్‌లో ఇంకేం జరిగిందో చూడండి. జనం చేతికి డబ్బు వచ్చింది, సెలవులు పెరిగాయి. ఆరు నెలలు చలిలో ముడుచుకునే తెల్లచర్మం వాళ్ళు గుంపులుగా విమానాలెక్కి స్పెయిన్ సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, ఒంటి మీద బట్ట లేకుండా ఎండలో పడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత దీపాల కింద పడుకుని చర్మం రంగు మార్చుకునే యంత్రాలు వచ్చాయి. డాక్టర్లు చిన్న మచ్చను కూడా తొందరగా గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఇన్ని ఉండగా దోషం రేడియో మీదకే ఎందుకు పోవాలి?

ఇంకో గట్టి సాక్ష్యం ఆస్ట్రేలియా. మెలనోమా ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. అక్కడి తెల్లవాళ్ళూ, అక్కడి ఆదివాసులూ ఒకే గాలి పీలుస్తారు, ఒకే రేడియో అలల్లో తిరుగుతారు. ఆదివాసుల్లో మాత్రం మెలనోమా చాలా తక్కువ. రేడియో స్తంభం మనిషి రంగు చూసి అలలు పంపదు. తేడా చర్మానికీ ఎండకూ మధ్య ఉంది. ఇక మన దేశం చూడండి. 1977లో మద్రాసులో ఆకాశవాణి ఎఫ్.ఎం. మొదలైంది. 2001 నుంచి ప్రైవేటు స్టేషన్లు వచ్చాయి. ఇప్పుడు బస్సులో, టీ కొట్టులో, చేతి ఫోనులో అంతటా ఎఫ్.ఎం. మన దేశపు కేన్సర్ రిజిస్టర్లలో మెలనోమా ఇప్పటికీ లక్షకు ఒకరి కంటే తక్కువే.

"ఇంగ్లండులో కూడా కనిపెట్టారు కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే. సట్టన్ కోల్డ్‌ఫీల్డ్ అనే చోట పెద్ద టీవీ, ఎఫ్.ఎం. స్తంభం ఉంది. దాని దగ్గర ఉండేవాళ్ళలో పెద్దల రక్త కేన్సర్ ఎక్కువగా ఉందనీ, దూరం పోయేకొద్దీ తగ్గిందనీ 1997లో ఒక అధ్యయనం వచ్చింది. చర్మపు మెలనోమా కూడా దూరంతోపాటు తగ్గినట్టు అందులో కనిపించింది. అయితే ఆ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. తమ మాటను తామే పరీక్షించుకోవడానికి బ్రిటన్‌లో అలాంటి ఇంకో ఇరవై స్తంభాల చుట్టూ లెక్కలు తీశారు. మొదటి చోట కనిపించిన తీరు అక్కడ మళ్ళీ కనిపించలేదు. తమ మొదటి ఫలితానికి దీనితో దొరికిన బలం చాలా తక్కువని వాళ్ళే రాశారు. మన గుంపులో తిరిగేది మొదటి సగమే. రెండో సగాన్ని పది మందికి పంపమని ఎవరూ అడగరు.

ఇక రేడియేషన్ అనే మాట. కూడంకుళం పక్క జిల్లాల్లో బతికే వాళ్ళం, ఆ మాట వింటే ఒళ్ళు జలదరించడం సహజం. కానీ ఆ ఒక్క మాట కింద వేరువేరు సంగతులున్నాయి. ఎక్స్‌రే, అణుకిరణాలు, ఎండలోని అతినీల కిరణాలు కణం లోపలి జన్యుపదార్థాన్ని నేరుగా దెబ్బతీయగలవు. చర్మం కేన్సర్ మొదలయ్యేది ఆ దెబ్బతోనే. ఎఫ్.ఎం. అల ఒక్కో తునక శక్తి, చర్మాన్ని కాల్చే అతినీల కిరణం ఒక్కో తునక శక్తిలో కోటో వంతు. తాటిచెట్టు మీద పత్తిగింజలు విసిరినట్టు అనుకోండి. బుట్టలకొద్దీ విసరండి, చెట్టు నరకబడదు. దానికి గొడ్డలి కావాలి. రేడియో అలలు మరీ ఎక్కువగా ఉంటే చేసేది వేడి. అందుకే నడుస్తున్న స్తంభం మీదకు ఎక్కి పనిచేసే మనిషికి నిజమైన ప్రమాదం ఉంది, అతని రక్షణకు నియమాలున్నాయి. ఆ మనిషి కోసం ఎవరైనా అర్జీ పెడితే మేం మొదటి సంతకం చేస్తాం.

మన ఊరికి వద్దాం. మనం ఎక్కువగా వినేది కోడైకానల్ కొండ మీది ఆకాశవాణి, 100.5 మెగాహెర్ట్జ్, 10 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్. ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ అలల శక్తి ఒక చదరపు మీటరు మీద ఒక వాటులో పది లక్షల వంతు కూడా ఉండదు. చిత్తిరై నెల మిట్టమధ్యాహ్నం మన నల్లరేగడి చేలో అదే చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. నూరు కోట్ల రెట్లకు పైగా తేడా. ఎండలో రోజంతా పత్తి ఏరి వచ్చిన అవ్వ దగ్గర "రేడియో ఆపు, ఒంటికి మంచిది కాదు" అనడం ఎంత సబబు?

"ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది" అనేది గుంపులో ఇంకో మాట. 2011లో ఆ సంస్థ కేన్సర్ విభాగం రేడియో అలలను 2బి అనే జాబితాలో పెట్టింది. "కారణం కావచ్చేమో, సాక్ష్యం చాలదు" అనే వాటి జాబితా అది. పెట్టింది కూడా ముఖ్యంగా చెవికి ఆనించి ఎక్కువసేపు వాడే చేతి ఫోన్ల లెక్కల వల్ల. ప్రసార స్తంభాల వంటి వాటి గురించిన సాక్ష్యం సరిపోదని అప్పుడే చెప్పింది. అదే 2బి జాబితాలో కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం ఉంది, ఆసియా పద్ధతిలో ఊరవేసిన కూరగాయలూ ఉన్నాయి. వాటి మీద తీర్మానం ఎప్పుడు? "ఖాయంగా కేన్సర్ తెస్తాయి" అనే మొదటి జాబితాలో ఉన్నవి ఎండ, పొగాకు, వక్క. మన సంఘం పెళ్ళిళ్ళలో తాంబూలం పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంది.

సెల్ టవర్ మీద అనుమానం ఉన్నవాళ్ళకు దారి ఉంది. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ అలల పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతు. కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ వెబ్‌సైటులో రుసుము కట్టి మీ ఇంటి దగ్గర కొలిపించుకోవచ్చు. వకీలు ఫీజు కంటే చవక.

"అయినా జాగ్రత్త పడితే నష్టం ఏముంది?" అని అడిగే బంధువులకు చెబుతున్నాం. నష్టం ఉంది. చేత ఉన్నది ఒక్క టార్చిలైటు. దాన్ని ఆకాశం వైపు తిప్పితే కాళ్ళ దగ్గరి పాము కనిపించదు. మా బాధంతా అదే.

మన వాళ్ళ చర్మానికి కేన్సర్ వచ్చే దారులు వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 1775లోనే లండన్‌లో పెర్సివల్ పాట్ అనే డాక్టరు, పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్ళకు పెద్దయ్యాక మసి వల్ల చర్మం కేన్సర్ వస్తోందని రాశాడు. చేసే పని నుంచి కేన్సర్ వస్తుందని లోకానికి మొదట తెలిసింది అలా, అదీ కూలి పిల్లల చర్మం మీద. మన దేశంలో కాశ్మీరులో చలికి ఒళ్ళో పెట్టుకునే నిప్పుల కుంపటి కాంగ్డీ వల్ల తొడల మీద, పొట్ట మీద వచ్చే కేన్సర్ ఉంది. పంచె, లంగా బొందు ఏళ్ళ తరబడి ఒకేచోట బిగించి కట్టడం వల్ల నడుము దగ్గర ఒరుసుకుపోయి, మానని పుండై, కేన్సర్‌గా మారిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2024లో కూడా మహారాష్ట్ర, బీహారు డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ళ గురించి రాశారు. మెలనోమా కూడా మనలాంటి చర్మం వాళ్ళకు వస్తే ఎక్కువగా అరికాలిలో, గోరు కింద వస్తుంది. ముల్లు దిగిన మచ్చ అనుకుని వదిలేస్తాం.

అన్నిటికంటే మనకు దగ్గరిది కాలిన మచ్చ. ఒళ్ళు లోతుగా కాలి, చర్మం అతికించకుండా తనంతట తానే మానిన చోట, ఏళ్ళ తర్వాత కేన్సర్ పుట్టవచ్చు. 1828లో దీని గురించి రాసిన ఫ్రెంచి వైద్యుని పేరుతో దీన్ని మార్జోలిన్ పుండు అంటారు. కాలిన మచ్చల్లో నూటికి ఒకటి రెండు ఇలా మారతాయని వైద్య గ్రంథాల లెక్క. సగటున ముప్పై ఏళ్ళు పడుతుంది. ముఖ్యంగా మోకాలు, మోచెయ్యి లాంటి కీళ్ళ దగ్గర, చర్మం లాగి లాగి పగిలేచోట మొదలవుతుంది.

నూటికి ఒకటి రెండు అంటే చిన్నదిగా అనిపిస్తుంది. మన చుట్టూ చూడండి. శివకాశి, సాత్తూరు, వెంబకోట్టై, ఏళాయిరంపన్నై, కోవిల్‌పట్టి అంతా పటాసు ఆఫీసులు, తీప్పెట్టి ఆఫీసులు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో పేలుడు, నలభై మంది దాకా పోయారు. 2021 ఫిబ్రవరి 12న మన పక్కనే అచ్చంకుళంలో పేలుడు, ఇరవై మందికి పైగా పోయారు. పేపర్లో వచ్చేది పోయినవాళ్ళ లెక్క. కాలి బతికినవాళ్ళ లెక్క మర్నాటితో ఆగిపోతుంది. పేపరుకెక్కని చిన్న మంటలు ఎన్ని! మందు కలుపుతుండగా చెయ్యి, ఒత్తి కోస్తుండగా ముఖం, తీప్పెట్టి గుత్తి భగ్గుమని మండి తొడ. 1995లో ఇరవై ఏళ్ళకు కాలిన అమ్మాయి ఇప్పుడు యాభైకి వచ్చింది. ముప్పై ఏళ్ళ గడువు సరిగ్గా ఇప్పుడే. ఆమె మోచేతి మచ్చ మీద చిన్న పుండు లేస్తే "పాత మచ్చే కదా, పగిలింది" అని పసుపు, కొబ్బరినూనె రాస్తుంది. ఆర్నెల్లు రాస్తుంది. ఆ ఆర్నెల్లే ప్రాణం ఖరీదు. మొదట్లో పట్టుకుంటే పుండును చుట్టూ ఉన్న చర్మంతో సహా కోసి తీసేసి, కొత్త చర్మం అతికిస్తారు. ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి రావచ్చు.

ఇది తెలిసి కూడా మనం రేడియోనే ఎందుకు తిడుతున్నాం? మాకు తోచింది చెబుతాం, కోపగించుకోకండి. రేడియో స్తంభాన్ని తిడితే ఎవరికీ నొప్పి ఉండదు. అది మనకు చందా ఇవ్వదు. మన కల్యాణ మండపానికి ఫ్యాన్లు కొనివ్వలేదు, వార్షికోత్సవం బ్యానరు మీద దాని ఫొటో లేదు. కాలిన మచ్చల గురించి మాట్లాడితే, ఆ మనిషి ఎక్కడ కాలాడు, లైసెన్సు ఎవరిది, గదిలో ఎంతమందిని కూర్చోబెట్టారు, వైద్యం ఖర్చు ఎవరు పెట్టారు అనే ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నలు మనలో కొందరి ఇళ్ళ దాకా వస్తాయి. కాలినవాళ్ళు మన వాళ్ళే, మన పక్క వీధి వాళ్ళే. ఆఫీసులు నడిపేవాళ్ళలోనూ మన వాళ్ళున్నారు. అందుకే కనిపించని అలలు మనకు సుఖంగా ఉన్నాయి. కనిపించే మచ్చ దగ్గర చూపు తిప్పుకుంటాం.

ఇంకో మాట. మచ్చ ఉన్న అమ్మాయి దాన్ని దాచుకునేది సిగ్గుతో కాదు, మన భయంతో. మన సంఘం వధూవరుల పరిచయ ఫారంలో రంగు అడుగుతాం, ఎత్తు అడుగుతాం. మచ్చ ఉందని తెలిస్తే సంబంధం వెనక్కి పోతుంది. పెళ్ళయ్యాక కూడా ఆ చెయ్యి డాక్టరుకు చూపించదు. దాచడం నేర్పింది మనమే. దాని ఫలితం ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె ఒంటి మీద తేలుతుంది.

కాబట్టి సంఘం ముందు మేం పెడుతున్నవి ఇవి.

1. రేడియో మీద తీర్మానం, అర్జీ మానుకుందాం. ఆ సందేశం మళ్ళీ గుంపులోకి వస్తే నిర్వాహకులు దాని కింద ఈ జవాబు పెట్టాలి.

2. ఆ డబ్బుతో ఏళాయిరంపన్నైలో ఒకరోజు చర్మ పరీక్ష శిబిరం పెడదాం. విరుదునగర్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సంఘం లెటర్‌హెడ్ మీద చర్మ వైద్యులను పంపమని అడుగుదాం. ఆడవాళ్ళను చూడడానికి ఆడ డాక్టరు, మరుగు ఉన్న గది తప్పనిసరి. కులం చూడకుండా ఊరందరినీ పిలుద్దాం. మంట కులం అడగదు.

3. పాత కాలిన మచ్చ ఉన్నవాళ్ళకు ఇంటింటికీ వెళ్ళి నాలుగు గుర్తులు చెబుదాం: మచ్చ మీద మూడు నెలలైనా మానని పుండు, అంచులు గట్టిపడి పైకి లేవడం, ముట్టుకుంటే రక్తం కారడం, చెడు వాసన. ఒక్కటి కనిపించినా ముక్క పరీక్ష చేయించాలి. పేర్లు గుంపులో పెట్టకూడదు, పుస్తకంలో రాసి బీరువాలో పెట్టకూడదు. మన ఆడవాళ్ళ విభాగం నోటితో చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి.

4. ముక్క పరీక్షకూ, మదురై రాజాజీ ఆస్పత్రికి పోయి రావడానికీ, తోడు వెళ్ళేవాళ్ళ ఒకరోజు కూలికీ సంఘం నిధి ఇవ్వాలి. ముఖ్యమంత్రి కాప్పీట్టు కార్డు లేనివాళ్ళకు రాయించాలి. చాలామంది ఆగిపోయేది జబ్బు భయంతో కాదు, రెండు రోజుల కూలి పోతుందని.

5. ఇవాళ కాలినవాళ్ళకు ముప్పై ఏళ్ళ తర్వాత ఈ గతి రాకూడదంటే, కాలిన వెంటనే ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టాలి. ఇంకు, పేస్టు, పిండి రాయకూడదు. లోతుగా కాలితే చర్మం అతికించే దాకా వైద్యం మధ్యలో ఆపకూడదు. మన సభ్యుల్లో ఆఫీసు నడిపేవాళ్ళు తమ కూలివాళ్ళకు ఆ వైద్యం చివరిదాకా చేయిస్తామని సమావేశంలో నిలబడి చెప్పాలి. చప్పట్లు మేమే ముందు కొడతాం.

ఒక పెద్దాయన మాతో, "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అన్నాడు. నిజమే తాతా. కానీ నిప్పు ఎక్కడుందో మన ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున ఆరింటికి బస్సెక్కి ఆ నిప్పు దగ్గరికే పనికి పోతున్నాం. ఆ పని చేసేచోట, వేలు ఖాళీ లేకుండా చట్రంలో పుల్లలు పేర్చే ఆడవాళ్ళకు తోడుండేది ఆ చిన్న రేడియో పెట్టె ఒక్కటే. దాన్ని వాళ్ళ దగ్గరి నుంచి లాక్కోకండి. వాళ్ళ చేతులు చూడండి.

సమావేశానికి అందరూ రండి. తీర్మానానికి చెయ్యి ఎత్తే ముందు, మీ పక్కన కూర్చున్న మనిషి చెయ్యి ఒకసారి చూడండి.

ఇట్లు,
ఏళాయిరంపన్నై సభ్యులం